ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు

గతమాసమున కారు బ్యాటరీని గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున ఇంజను నూనెను గూర్చి వ్రాయుటకు మాకు సొంత కారణమే కలదు.

మొన్న వైశాఖమాసమున మా తమ్ముని పెండ్లికై తెనాలి నుండి గుంటూరునకు పోవుచుండగా, సంగంజాగర్లమూడి దాటిన పిమ్మట మా పాతకారులో ఎఱ్ఱని నూనెదీపము వెలిగినది. ముహూర్తమునకు రెండు గంటలే వ్యవధి. మగపెండ్లివారి మంగళసూత్రము మా పెట్టెలోనే యున్నది. గుంటూరు చేరి చూచుకొందమని మావారనిరి. మేము వలదని బండి నాపించి, ఇంజను నార్పించితిమి.

సోదరీమణులారా, ఆ దీపము చెప్పునది నూనె పరిమాణమును గూర్చి కాదు, నూనె యొత్తిడిని గూర్చి. ఇంజనులోని ఇరుసు బేరింగులపై నేరుగా తిరుగదు; పంపు త్రోసెడి పలుచని నూనెపొరపై తేలుచు తిరుగును. ఆ పొర పోయెనా, లోహము లోహమును రాచుకొని కొలది నిమిషములలోనే ఇంజను పాడగును. పెండ్లికి ఆటో దొరకును గాని ఇంజను దొరకునా?

బండి సమతలమున నిలిపి, పది నిమిషములు తాళి, డిప్‌స్టిక్కను సన్నని కమ్మిని తీసి, గుడ్డతో తుడిచి, మరల తుదివఱకు దించి తీయవలయును. తుడువక చూచిన గుర్తు నమ్మరాదు. నూనె రెండు గీతల నడుమ నుండవలయును. తక్కువైనచో పోయవచ్చును, కాని పై గీత దాటి పోయుట మేలు కాదు. ఇరుసు నూనెను కవ్వమువలె చిలికి నురుగు చేయును, నురుగునకు ఒత్తిడి నిలువదు. నూనె నల్లబడుట సహజమే. మజ్జిగవలె తెల్లబాఱినచో మాత్రము నీరు కలసినట్లు. ఇక ఇంజను త్రిప్పరాదు.

మా నూనె పై గీతకు సరిగానే యున్నది. బండిని అచ్చటనే విడిచి ఆటోలో పోయి, సూత్రమును వేళకు అందించితిమి.

మఱునాడు షెడ్డుకు లాగించిన బండిని చూచి మెకానిక్కు, బేరింగులు అరిగినవనియు, ఇంజను విప్పవలెననియు, రూ. 25,000 కాగలదనియు చెప్పెను. బడిపంతులు ఇంట అది చిన్నమాట కాదు. ముందుగా గేజి పెట్టి చూడుమంటిమి. ఒత్తిడి స్విచ్చిని మరతిప్పి తీసి, ఆ రంధ్రముననే గేజిని బిగించి, ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట చూడవలయును. నిమిషమునకు వేయి చుట్లకు చదరపు అంగుళమునకు 10 పౌనులుండవలెనని మెకానిక్కుల వాడుకలెక్క. బండితో వచ్చిన పుస్తకములోని యంకెయే అసలు ప్రమాణము. మాది మూడువేల చుట్లకు 45 చూపినది. చెడినది స్విచ్చియే! దాని తీగమూతిలోనికి నూనె ఊరుచుండెను. క్రొత్త స్విచ్చికి కొన్ని వందలతో తీరిపోయినది. అతడు మోసగాడని మేమనము. కొలువక చెప్పుట అలవాటైనది, అంతియే.

గేజియే తక్కువ చూపియుండినచో? అప్పుడును మొదట క్రొత్త నూనె, క్రొత్త ఫిల్టరు, పిదప అడుగుతొట్టి విప్పి జల్లెడయు, పంపును, బేరింగులు కడపట.

ఇంకొకటి. తాళము త్రిప్పగానే ఆ దీపము వెలిగి, ఇంజను కదలిన క్షణములలో ఆరవలయును. అసలే వెలుగనిచో బల్బో తీగయో పోయినట్లు. ఆ బండిని బాగుచేయించువఱకు దూరప్రయాణమునకు తీయకుడు.