రియాక్టర్ పక్కనే పరిశోధన

2022 జూన్ 3న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక దుస్తుల పరిశ్రమలో కుట్టుపనిలో ఉన్న మహిళలు వరసగా కుప్పకూలారు. కొందరికి వాంతులు, కొందరికి కళ్ల మంటలు, చాలామందికి ఊపిరాడలేదు. దాదాపు రెండు వందల మందిని ఆసుపత్రులకు తరలించారు. పొరుగు పరిశ్రమ నుంచి అమోనియా లీకై ఉంటుందని తొలుత అనుకున్నారు, దర్యాప్తూ ఆ అనుమానంతోనే మొదలైంది. దాదాపు రెండు నెలలకు, ఆగస్టు 2న, అదే ప్రాంగణంలో మళ్లీ వంద మందికి పైగా అస్వస్థులయ్యారు. పరీక్షల్లో బయటపడిందంటూ చివరికి అధికారులు చెప్పిన పేరు క్లోర్‌పైరిఫాస్. అది పొలాల్లో పురుగులపై కొట్టే మందు.

ఈ రెండు పేర్ల మధ్య తేడా వైద్యుడికి చాలా పెద్దది. అమోనియా కళ్లను, గొంతును, శ్వాసనాళాలను కాల్చేస్తుంది. దానికి విరుగుడు మందంటూ లేదు. ప్రాణవాయువు అందిస్తూ ఊపిరితిత్తులను కాపాడుకోవడమే చికిత్స. క్లోర్‌పైరిఫాస్ ఆర్గానోఫాస్ఫేట్ జాతి విషం. నరాల మధ్య సంకేతాలను అదుపులో ఉంచే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అది పనిచేయనివ్వదు. దానికి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఉన్నాయి, కానీ వేళకు ఇవ్వాలి. రక్తంలో ఆ ఎంజైము ఎంత తగ్గిందో చూడాలన్నా నమూనాను త్వరగా తీయాలి. అంటే రోగిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టిన గంటలోనే వైద్యుడికి ఒక జవాబు కావాలి. దాన్ని వైద్యుడు ఒక్కడే కనుక్కోలేడు. షెడ్డులోని గాలిని పట్టి పరీక్షించే పర్యావరణ శాస్త్రజ్ఞుడు ఉండాలి. ఏసీ గొట్టాల్లో గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో చెప్పగల ఇంజినీరు ఉండాలి. ముగ్గురూ ఒకే గంటలో, ఒకే చోట పనిచేయగలిగితేనే ఆ జవాబు దొరుకుతుంది. అచ్యుతాపురంలో ఆ ఏర్పాటు లేదు. అనకాపల్లి జిల్లాలో మరెక్కడా లేదు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లా నేడు రాష్ట్రంలోనే రసాయన పరిశ్రమలు అతి దట్టంగా ఉన్న నేల. పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో ప్రత్యేక ఆర్థిక మండలి ఎప్పుడో వచ్చాయి. 2025 జనవరి 8న ప్రధాని ఒకే రోజు నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ, పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికీ శంకుస్థాపన చేశారు. ఇక్కడ తయారయ్యే మందులు ప్రపంచమంతటా రోగులకు చేరుతున్నాయి. ఆ మందులను కనుక్కోవడానికి, చవకగా తయారు చేయడానికి కావలసిన పరిశోధన పరిశ్రమల లోపలే పుష్కలంగా జరుగుతోంది. కానీ వాటిని తయారు చేసే కార్మికుడి ఊపిరితిత్తుల మీద, పక్క ఊరి బోరు నీటి మీద, తీరంలో చేపల మీద, రియాక్టరును చుట్టుకున్న పైపుల మీద జరగవలసిన పరిశోధనకు ఈ గడ్డ మీద స్థిరమైన చోటు లేదు. పరిశ్రమలకు భూమిని, నీటిని, కరెంటును సమకూర్చినంత శ్రద్ధగా ప్రభుత్వం ఈ పరిశోధననూ సమకూర్చాలి. అది పరిశ్రమల నడుమే ఉండాలి.

2024 ఆగస్టు 21న మధ్యాహ్న భోజన వేళ అచ్యుతాపురంలోని ఎసైన్షియా పరిశ్రమలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి కారి, దాని ఆవిరి భవనంలో వ్యాపించి అంటుకుందని అధికారులు వివరించారు. ఈ ద్రావణి గుణాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. సున్నాకు 28 డిగ్రీల కిందనే అది నిప్పంటుకోగల ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా దాదాపు మూడింతలు బరువు, అందుకే పైకి పోకుండా కింది అంతస్తుల్లోకి, గుంటల్లోకి, కేబుళ్ల దారుల్లోకి దిగుతుంది. ఇదంతా తెలిసినప్పుడు ఇక పరిశోధించడానికి ఏముందని అడగవచ్చు. పదార్థం గుణం తెలియడం వేరు, అది ఒకానొక భవనంలో, ఒకానొక వాతావరణంలో ఎలా నడుచుకుంటుందో తెలియడం వేరు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఎగజిమ్మి 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారని, పైపొరలు ఎంత వేడెక్కాయో తెలిసే వీలు లేకపోయిందని నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ తేల్చింది. స్టైరీన్ వేడెక్కితే తనంతట తాను గట్టిపడుతూ మరింత వేడి పుట్టిస్తుందని రసాయన శాస్త్రం ఎన్నడో చెప్పింది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలకుండా నిలిచిన ఆ ట్యాంకులో, ఆ ఎండల్లో, ఆ రోజు ఏం జరుగుతోందో చెప్పగలిగినవారే లేకపోయారు.

మన తీరానికే ప్రత్యేకమైన ప్రశ్నలూ ఉన్నాయి. పరవాడ నుంచి నక్కపల్లి దాకా పరిశ్రమలన్నీ సముద్రపు గాలిలో ఉన్నాయి. ఉప్పు కలిసిన ఆ తేమ ఇనుమును తినేస్తుంది. పైపుల అతుకులు, వాల్వులు, బోల్టులు, సెన్సర్లు ఇక్కడ ఎన్నేళ్లు నిలుస్తాయో వేరే వాతావరణంలో రాసిన మాన్యువల్ చూసి నిర్ణయించలేం. మే నెల ఎండలో, ఉక్కపోతలో, కాంట్రాక్టు పద్ధతిలో వచ్చిన కార్మికుడు ముఖానికి మాస్కు బిగించుకుని ఎన్ని గంటలు నిలబడగలడన్నదీ ఇక్కడ కొలిచి చూడవలసిన విషయమే. అది వైద్యానికి ఎంత చెందుతుందో ఇంజినీరింగుకూ అంతే చెందుతుంది.

సమస్య ఉన్నచోటే పరిశోధన పెట్టడం అనకాపల్లికి కొత్తేమీ కాదు. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రం వెలిసింది. ప్రస్తుతం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంగా పనిచేస్తోంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఈ ఊళ్లో ఉండటానికీ, ఆ కేంద్రం ఇక్కడే ఉండటానికీ సంబంధం ఉంది. చెరకు పండే నేలలోనే వంగడాలను పరీక్షించారు. ఎర్రకుళ్లు తెగులును రైతు తోటలోనే గమనించారు. ఇక్కడ రూపుదిద్దుకున్న రకాల పేర్లలో అనకాపల్లికి గుర్తుగా ‘ఎ’ అక్షరం నిలిచింది, 87 ఎ 298 అలాంటిదే. పరిశోధన వంగడంతో ఆగలేదు. గానుగ ఎలా ఆడాలి, పొయ్యిలో పిప్పి వృథా కాకుండా ఎలా మండించాలి, తెల్లగా రావడానికి హైడ్రోస్ అనే రసాయనం కలపకుండా మంచి బెల్లం ఎలా వండాలి అన్న ప్రశ్నలకూ విస్తరించింది. ఆ చివరి ప్రశ్నలో తినేవాడి ఆరోగ్యం, పొగ, పొయ్యి నిర్మాణం మూడూ కలిసే ఉన్నాయి. చెరకు రైతుకు వందేళ్ల కిందటే దక్కిన ఈ ఆసరా రసాయన కార్మికుడికి ఇంతవరకు దక్కలేదు.

ప్రమాదం జరిగాక పరిశోధన మొదలుపెడితే ఏం కోల్పోతామో భోపాల్ చూస్తే తెలుస్తుంది. 1984 డిసెంబరు దుర్ఘటన తర్వాత భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన దీర్ఘకాలిక అధ్యయనాలు 1994తో ఆగిపోయాయి. పర్యావరణ ఆరోగ్యంపై జాతీయ పరిశోధన సంస్థ భోపాల్‌లో వెలిసింది 2010లో, విషవాయువు వీచిన 26 ఏళ్లకు. అప్పటికి ఎందరో చనిపోయారు, ఎందరో ఊరు విడిచారు. ఇటలీలోని సెవెసోలో మరోలా జరిగింది. 1976 జులై 10న అక్కడి రసాయన పరిశ్రమ నుంచి డయాక్సిన్ అనే విషం వెలువడింది. కొద్దిపాటి రక్తంలో డయాక్సిన్‌ను కొలిచే పద్ధతి అప్పటికి లేదు. అయినా స్థానిక ఆసుపత్రి వైద్యులు వేలాది మంది రక్తం తీసి శీతలీకరించి భద్రపరిచారు. పద్ధతి వచ్చాక, ఏళ్ల తర్వాత, ఆ నమూనాలను పరీక్షించారు. డయాక్సిన్ ఎక్కువగా సోకిన తండ్రులకు మగపిల్లలు తక్కువగా పుట్టారన్న సంగతి 2000లో వెల్లడైంది. ప్రమాదం జరిగిన వారాల్లో ఒక ఆసుపత్రి చూపిన ముందుచూపు వల్లే అది ప్రపంచానికి తెలిసింది. మన దగ్గర అచ్యుతాపురం మహిళల రక్త నమూనాలను భద్రపరిచే ఇలాంటి వ్యవస్థ ఎక్కడుంది?

మన మందుల పరిశ్రమ గురించి మనకన్నా ముందు బయటివాళ్లు కనుక్కోవడం ఇదివరకే జరిగింది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధయి బయటకు వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం ప్రకటించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. అలాంటి నీటిలో పెరిగే బాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. తర్వాత ఏ ఆసుపత్రిలోనో పసిబిడ్డకు వచ్చే జ్వరం అదే మందుకు తగ్గకపోవచ్చు. మురుగునీటి శుద్ధి, సూక్ష్మజీవుల జన్యువులు, పిల్లల వార్డు అన్నీ ఒకే గొలుసు కావచ్చని ఆలోచింపజేసిన పరిశోధన అది. దాన్ని మన విశ్వవిద్యాలయం, మన కాలుష్య నియంత్రణ మండలి చేసి ఉంటే గౌరవంగా ఉండేది, దిద్దుబాటూ త్వరగా జరిగేది. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు నాటి తుది నిబంధనల్లో ఆ పరిమితులు కనబడలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. నక్కపల్లిలో వెయ్యి కోట్లకు పైగా వెచ్చించి బల్క్ డ్రగ్ పార్కు కడుతున్నప్పుడు, ఆ పక్కనే ఉన్న రాజయ్యపేట మత్స్యకారులు తమ సముద్రం ఏమవుతుందని అడుగుతున్నప్పుడు, పటాన్‌చెరు అనుభవాన్ని మరచిపోవడం నేరం.

లోటు పరిశోధనలో లేదని, చట్టం అమలులోనే ఉందని కార్మిక సంఘాలు అనే మాటలో బలముంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, రసాయనాల ప్రమాదాలను కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ వెల్లడించాలని, కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉంచాలని స్పష్టంగా రాశారు. దాన్ని అమలు చేసినా ఎన్నో ప్రాణాలు దక్కేవి. తనిఖీ అధికారుల ఖాళీలు నింపాలి, తప్పుచేసిన యాజమాన్యాలను శిక్షించాలి, అందులో రెండో మాట లేదు. కానీ తనిఖీ అధికారి చేతిలో సాక్ష్యం ఉండాలి కదా. ఏ వాల్వు ఎందుకు విఫలమైందో, ఏ ఆవిరి ఎవరి రక్తంలో ఎంత చేరిందో చెప్పే నివేదిక లేకపోతే కోర్టులో కేసు నిలవదు. అమెరికాలో 1998 నుంచి పనిచేస్తున్న రసాయన భద్రతా మండలికి జరిమానా వేసే అధికారమే లేదు. అది చేసేదల్లా ప్రమాదానికి మూలం తవ్వి, నివేదికను అందరి ముందూ పెట్టడం. ప్రపంచవ్యాప్తంగా ఇంజినీర్లు ఆ నివేదికలను పాఠాలుగా చదువుకుంటున్నారు. మన దగ్గర ప్రమాదం తర్వాత కమిటీ వేస్తారు, అది పని ముగించి వెళ్లిపోతుంది, తరువాతి ప్రమాదానికి మరో కమిటీ వస్తుంది. మొదటి కమిటీ నేర్చుకున్నది రెండో కమిటీకి అందడానికి మధ్యలో ఎవరూ ఉండరు.

హైదరాబాద్‌లో భారత రసాయన సాంకేతిక సంస్థ, అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, నాగపూర్‌లో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఉండగా మరొకటి దేనికని ఆర్థిక శాఖ అడగవచ్చు. అవి గొప్ప సంస్థలు, వాటి సాయం ఎప్పుడూ కావాలి. అయితే గాలిలో కలిసిన ఆవిరి హైదరాబాద్ నుంచి బృందం వచ్చేదాకా నిలిచి ఉండదు. పైగా కొత్త భవనాలతోనే మొదలుపెట్టనక్కర్లేదు. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజినీరింగ్ బోధనకు దశాబ్దాల చరిత్ర ఉంది. జిల్లాలోనే, సబ్బవరం మండలం వంగలిలో, భారత పెట్రోలియం, ఇంధన సంస్థ ఉంది. వీటిని కలిపే శాశ్వత కేంద్రం, రాత్రింబవళ్లు నడిచే ప్రయోగశాల, జీతం ఆగని సిబ్బంది, ఏ పరిశ్రమలోకైనా అడుగుపెట్టే చట్టబద్ధ హక్కు ఉంటే చాలు. వ్యాపార రహస్యాలు పోతాయని యాజమాన్యాలు భయపడవచ్చు. మందు తయారీ విధానం ఎవరికీ అక్కర్లేదు. షెడ్డులో ఏ ద్రావణి ఎంత నిల్వ ఉందో ఆసుపత్రికీ, అగ్నిమాపక కేంద్రానికీ ముందే తెలియాలి. పెట్టుబడులు తరలిపోతాయన్న వాదనకూ జవాబుంది. ఎసైన్షియా పేలుడు జరిగిన రెండు రోజుల్లోనే పరవాడలో మరో మందుల పరిశ్రమలో కార్మికులు తీవ్రంగా గాయపడ్డారు. ఇలాంటి వార్తలు విదేశీ కొనుగోలుదారులూ చదువుతారు.

ఇందులో అన్నిటికన్నా తొందరగా జరగవలసినది నక్కపల్లి పని. పార్కులో ఉత్పత్తి మొదలు కాకముందే చుట్టుపక్కల ఊళ్ల బావుల నీరు, మట్టి, తీరంలోని చేపలు, ప్రజల సమ్మతితో వారి రక్తం, ఊపిరితిత్తుల సామర్థ్యం పరీక్షించి నమోదు చేయాలి, నమూనాలను భద్రపరచాలి. పదేళ్ల తర్వాత ఒక మత్స్యకారుడు తన పిల్లల ఆరోగ్యం పాడైందని అంటే, పోల్చి చూడటానికి ఆ లెక్క ఒక్కటే ఆధారం. పరిశ్రమ తప్పు లేకపోతే దాన్ని నిర్దోషిగా నిలబెట్టేదీ అదే. ఉత్పత్తి మొదలయ్యాక ఆ లెక్క తీసుకోవడం ఇక ఎవరివల్లా కాదు. పార్కులో ఏ పరిశ్రమకైనా ఉత్పత్తికి అనుమతి ఇచ్చేముందు ఈ నమోదు పూర్తికావాలన్న షరతును రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడే పెట్టాలి. ఆ ఫలితాలను తెలుగులో, ఊరి పంచాయతీ గోడ మీద, అందరూ చదువుకునేలా ఉంచాలి.