చలానాకు దొరికే నంబరు రీకాల్‌కు దొరకదా?

సిగ్నల్ దగ్గర గీత దాటితే చాలు, నాలుగు రోజుల్లో ఫోనుకు మెసేజ్ వచ్చేస్తుంది. ఫొటో, టైము, కట్టాల్సిన మొత్తం అన్నీ అందులోనే ఉంటాయి. ఇన్సూరెన్సు గడువు దగ్గర పడితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఫోన్లు చేస్తారు. అదే బండిలో ప్రాణం మీదికి తెచ్చే లోపం ఉందని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మన నంబరు ఎవరికీ దొరకదు. ఈ వారం నన్ను నిలవనీయని సంగతి ఇదే.

మా నాయుడుపేట బైపాస్ పక్కన ఒక మెకానిక్ షెడ్డు ఉంది. మొన్న అక్కడ తమిళనాడు నంబరు కారు ఒకటి కనిపించింది. చెన్నైలో ఇద్దరి చేతులు మారి గూడూరు నిమ్మకాయల వ్యాపారి ఒకాయన దగ్గరికి వచ్చిన బండి. హైవే మీద లారీని దాటుతుండగా పవర్ స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఉన్న బలమంతా పెట్టి బండిని పక్కకు లాగి ప్రాణం కాపాడుకున్నాడు. మెకానిక్ డాష్‌బోర్డు కింద తల దూర్చి, మోటారు ఊడదీసి, లోపలి సర్క్యూట్ బోర్డు మీద నల్లగా మాడిన చోటు చూపించాడు. ‘ఏముందన్నా, ఈ మోడలుకు ఇది మామూలే. నెలకు రెండు మూడు వస్తానే ఉంటాయి’ అన్నాడు. షోరూం వాళ్లను అడిగితే కాలమ్ మొత్తం మార్చాలి, ముప్పై ఎనిమిది వేలు అన్నారట. వారంటీ అయిపోయింది, పైగా మీ రోడ్లు అలాంటివి అని కూడా అన్నారట.

ఒక్క షెడ్డుకే నెలకు రెండు మూడు బండ్లు! సూళ్లూరుపేట, గూడూరు, కాళహస్తి షెడ్లన్నీ కలిపితే ఎన్నవుతాయి? ఒకే లోపం, ఒకే మోడలు. డబ్బు కట్టేవాళ్లు మాత్రం ఎవరికి వాళ్లే, తమ ఖర్మ అనుకుని కట్టేసి పోతున్నారు.

అమెరికాలో ఉంటున్న మన పిల్లల్ని అడగండి. కారు లోపాల కేసుల్లో సెటిల్మెంటు నోటీసులు ఇంటికే పోస్టులో వస్తాయి. ఎవరో నలుగురు యజమానులు కేసు వేస్తే, ఆ మోడలు కొన్న లక్షలాది మందికీ అది వర్తిస్తుంది. తకాటా ఎయిర్‌బ్యాగుల సంగతే చూడండి. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్ల తరబడి చెడిపోయి, ప్రమాద సమయంలో మితిమీరిన బలంతో పేలి, ఇనుప డబ్బా పగిలి ముక్కలు మనిషికి గుచ్చుకునేవి. ప్రాణం కాపాడాల్సిన వస్తువు ప్రాణం తీసింది. యజమానుల దావాలకు హోండా 2017 సెప్టెంబరులో అక్కడ 60.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అప్పటి లెక్కలో 3,800 కోట్ల రూపాయలకు పైమాటే. అందులో లాయర్ల వాటా పెద్దదేనని అంటారు. ఉండనివ్వండి. యజమానికి పెట్టిన ఖర్చు తిరిగొచ్చే దారి ఏర్పడింది, కంపెనీకి భయం పుట్టింది.

మన దగ్గర అదే హోండా 2016 జులైలో ఒక్క విడతలోనే 1.9 లక్షల కార్లను ఎయిర్‌బ్యాగుల కోసం వెనక్కి పిలిచింది. భాగం ఉచితంగా మార్చింది, దాన్ని కాదనను. కానీ యజమానికి పరిహారం అన్న ఊసే లేదు. అమెరికాలో వేడి, తేమ ఎక్కువున్న ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల బండ్లను ముందు మార్చాలని అక్కడి అధికారులు వరస పెట్టారు. పులికాట్ ఉప్పుగాలికి, రోహిణి ఎండకు ఆరుబయట నిలబడే మా బండ్లకు ఆ వరస ఎవరు పెట్టారు?

ఫోక్స్‌వ్యాగన్ సంగతి ఇంకా ఘోరం. పొగ పరీక్షలను మోసం చేసే సాఫ్ట్‌వేర్ బయటపడ్డాక 2016లో అమెరికాలో 1,470 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అక్కడి యజమానులకు కారును కంపెనీకే తిరిగి అమ్మేసుకునే వీలు దక్కింది, పైన కనీసం 5,100 డాలర్లు. మన దేశంలో 3.23 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ మార్చి పంపారు. 2019లో హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేస్తే, దాని వసూలుకు సుప్రీంకోర్టు బ్రేకు వేసింది. ఆ సొమ్ము వసూలైనా పర్యావరణం ఖాతాకే గానీ కారు కొన్నవాడికి పైసా రాదు.

చట్టం లేక ఇలా జరుగుతోందనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35లో ఒకరిద్దరు అందరి తరఫునా ఫిర్యాదు చేసే వీలుంది. 1986 చట్టంలోనూ ఉండేది. దాన్ని వాడుకున్నవాళ్లలో ఎక్కువమంది ఫ్లాట్లు కొన్నవాళ్లే. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఫ్లాట్ల వాళ్లు రోజూ లిఫ్టులో ఎదురుపడతారు, వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు. ఒకే మోడలు కారు కొన్న నాయుడుపేట మనిషికీ నిజామాబాద్ మనిషికీ పరిచయమే ఉండదు. వాళ్లందరి పేర్లూ ఉన్నది రెండు చోట్ల. ఒకటి కంపెనీ దగ్గర, రెండోది ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో. కంపెనీ ఎటూ ఇవ్వదు. మరి ప్రభుత్వానికి ఏమొచ్చింది?

మోటారు వాహనాల చట్టంలో 110ఎ అని సెక్షన్ చేర్చారు. 2021 నుంచి అమల్లో ఉంది. ఒకే మోడలు మీద తగినన్ని ఫిర్యాదులు వస్తే కేంద్రమే రీకాల్‌కు ఆదేశించవచ్చు, కంపెనీకి 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా వేయవచ్చు. వేల కోట్ల వ్యాపారానికి కోటి రూపాయలు ఒక లెక్కా? పైగా బండికి ఏడేళ్లు దాటితే ఈ నిబంధన వర్తించదు. తకాటా లాంటి లోపం బండి పాతబడే కొద్దీ ముదురుతుంది. చెన్నై నుంచి మా ప్రాంతానికి వచ్చే సెకండ్‌హ్యాండ్ కార్లలో ఏడేళ్లు దాటనివి ఎన్ని? రీకాల్ ఉత్తరం వేసినా మొదటి యజమాని పాత అడ్రసుకే పోతుంది. చలానా మాత్రం తప్పకుండా ఇప్పటి యజమానిని వెతుక్కుంటూ వస్తుంది. అదే వాహన్ జాబితా నుంచి, అదే ఫోను నంబరుకు, ‘మీ బండిలో ఫలానా లోపం ఉంది, మీలాంటి వాళ్లు ఇంతమంది ఫిర్యాదు చేశారు’ అని ఒక్క మెసేజ్ పంపమంటున్నాను. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

జాబ్ కార్డు గురించి ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తాను. సర్వీసుకు బండి ఇచ్చేటప్పుడు మీరు చెప్పిన ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించండి. ‘స్టీరింగ్ పట్టేస్తోంది’ అని మీరంటే సర్వీస్ అడ్వైజర్ ‘జనరల్ చెకప్’ అని రాస్తాడు. సాయంత్రానికి ‘చెక్డ్, ఓకే’ అని సంతకం పడుతుంది. రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ దగ్గర ఉండే కాగితం అదొక్కటే. అందులో లోపం లేదంటే లోపం లేనట్టే. రాయకపోతే సంతకం పెట్టకండి, కాపీ తీసుకోకుండా కదలకండి. లోపాన్ని పరీక్ష చేయించాలంటే ల్యాబు ఫీజు ముందు కట్టాల్సింది కూడా ఫిర్యాదు చేసినవాడేనని చట్టం చెబుతోంది. మా ముందు నుంచే కొత్త కార్ల కంటెయినర్లు చెన్నై నుంచి ఉత్తరాదికి పోతాయి, పక్కనే శ్రీసిటీ ప్రాంతంలో ట్రక్కులు, మోటారు సైకిళ్లు తయారవుతాయి. లోపం రుజువు చేసే భారం మాత్రం నిమ్మకాయల వ్యాపారి మీద.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ భారం గురించే మంచి మాట చెప్పింది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని క్రెటా కేసులో, దెబ్బ తగిలిన వేగమూ బలమూ లెక్కకట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదంది. కారు మార్చి ఇవ్వాలన్న తీర్పు, మూడు లక్షల పరిహారం నిలబడ్డాయి. కానీ ప్రమాదం 2017లో జరిగితే ఆఖరి తీర్పు 2022లో వచ్చింది. అదీ ఒక్క మనిషికే.

ఆ తీర్పు వచ్చిన నెలలోనే మన రెండు రాష్ట్రాల్లోనూ ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు పేలాయి. నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన పోయారు. విజయవాడలో ముందు రోజు కొన్న స్కూటర్ బ్యాటరీ పడకగదిలో పేలి ఇంటి యజమాని పోయారు, భార్యాబిడ్డలు కాలిన గాయాలతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెలలోనే హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ రెండు వేల స్కూటర్లను వెనక్కి పిలిచింది. భద్రతా ప్రమాణాలను బిగించారు. అలాంటి బండి ఇంట్లో పెట్టుకుని నిద్రపోలేక, అమ్ముకోలేక మిగిలిన వేలమంది నష్టం ఎవరి ఖాతాలో రాశారు?

ఇప్పుడు పెట్రోలు వంతు వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తప్ప మామూలు బంకుల్లో ఇంకోటి దొరకడం లేదు. పాత కార్లకు మైలేజీ 6, 7 శాతం, బైకులకు 3, 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ నివేదికే 2021లో రాసింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మండి, కలిపిన సంగతి బంకులో రాసి పెట్టండి అని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ధర తగ్గించలేదు, బండి పాడైతే పూచీ ఎవరిదో చెప్పలేదు. రోజుకు రెండు ట్రిప్పులు తిరుపతికి వేసే ట్యాక్సీ డ్రైవరుకు ఆ 6 శాతం ఇంటి అద్దెతో సమానం. పెట్రోలూ సరుకే, పోయించుకునేవాడూ వినియోగదారుడే. నాయుడుపేట ట్యాక్సీ స్టాండ్‌లో కనీసం రోజూ ఒకరికొకరు ఎదురుపడే డ్రైవర్లున్నారు. సెక్షన్ 35 కింద తిరుపతి కమిషన్‌లో వాళ్లు కలిసి ఫిర్యాదు వేస్తామంటే, కాగితాలు రాసిపెట్టడానికి నేను సిద్ధం.