ఓడ మునిగితే విచారణ ఎవరి కోసం?

తిరువూరు: పత్తి, మిర్చి, మామిడి మాటే తప్ప సముద్రం మాట వినపడని వూరు మనది. అయినా యిక్కడ కాటా వేసిన మిర్చి గుంటూరు యార్డు దాటి ఓడ ఎక్కుతూనే వున్నది. 2025 మే 25న కేరళ తీరాన ఎమ్మెస్సీ ఎల్సా-3 ఓడ 640 కంటైనర్లతో మునిగిన తర్వాత, ఒక కమిషన్ కొట్టులో "విచారణ వేశారుగా, సరకుదార్లకు డబ్బు వచ్చేస్తుంది లెండి" అన్న మాట ఈ విలేఖరి చెవిన పడింది. అలా అనుకుని కూర్చున్న వర్తకుడికి అసలుకే మోసం.

1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం 12వ భాగంలో ఈ విచారణ పద్ధతి వున్నది. ప్రమాదం జరిగితే అధికారి ప్రాథమిక విచారణ జరుపుతాడు. ఆ నివేదిక వెళ్లేది కేంద్ర ప్రభుత్వానికి, సరకుదారుకు కాదు. అవసరమనుకుంటే మేజిస్ట్రేటు కోర్టులో, నౌకావ్యవహారాలు తెలిసిన అసెసర్ల సహాయంతో లాంఛనంగా విచారణ జరుగుతుంది. తప్పు తేలితే కెప్టెన్ సర్టిఫికెట్ రద్దవుతుంది, లేదా కొంతకాలం నిలిచిపోతుంది. మన బస్తా ధర ఆ లెక్కలోకి రాదు. 2010 జనవరి 1 నుంచి అమలైన అంతర్జాతీయ కోడ్ అయితే, దర్యాప్తు భద్రత కోసమేననీ, బాధ్యత పంచడానికి కాదనీ స్పష్టంగానే చెబుతున్నది.

చిత్రమేమిటంటే, కెప్టెన్ ఓడ నడపటంలో పొరపాటు చేశాడని తేలితే అది సరకుదారుకు లాభం కాదు, నష్టం. 1925 నాటి సముద్ర సరకు రవాణా చట్టం నౌకాయాన లోపాన్ని ఓడ కంపెనీ బాధ్యతలోంచి మినహాయించింది. దాని స్థానే 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసినా ఈ రక్షణ పోలేదు. రేవు విడిచేనాటికే ఓడ ప్రయాణానికి తగినట్లు లేదనీ, కంపెనీ తగిన శ్రద్ధ తీసుకోలేదనీ రుజువైతేనే మన దావాకు బలం. ఆ రుజువుకు ఆధారాలు మొదట చిక్కేది విచారణాధికారి చేతికే. దావాకు గడువు మాత్రం సరకు అప్పగించిన, లేదా అప్పగించవలసిన తేదీ నుంచి ఒక్క ఏడాది. నివేదిక కోసం ఎదురుచూస్తే గడువు కాస్తా దాటిపోతుంది.

మరి వర్తకుడికి దిక్కేది? మన విశాఖ రేవే ఒక దారి చూపింది. 1984 ఫిబ్రవరిలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ బిల్ ఆఫ్ లేడింగ్ యివ్వకుండానే మార్మగోవా నుంచి వెళ్లిపోయింది. ఏప్రిల్లో విశాఖకు వచ్చినప్పుడు, సరకు పంపిన గోవా సంస్థ దావా మీద, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దానిని జప్తు చేయించింది. బ్రిటిషువారి చట్టం ఆ అధికారాన్ని బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టులకే యిచ్చిందన్న వాదనను 1992లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2018 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన అడ్మిరాల్టీ చట్టంలో మన హైకోర్టుకూ చోటు దక్కింది. ఎల్సా-3లో సరకు పోయిన జీడిగింజల దిగుమతిదార్లు విచారణ తేలేదాకా ఆగలేదు. 2025 జూన్‌లో కేరళ హైకోర్టుకు వెళ్లి, సుమారు 6 కోట్ల రూపాయల పూచీ కోసం అదే కంపెనీ వర్గపు మరో ఓడ ఎమ్మెస్సీ మానసా-ఎఫ్ జప్తుకు ఉత్తర్వు తెచ్చుకున్నారు. వర్తకులంటే అలా వుండాలి!

ఇన్సూరెన్సు సంగతి వేరే. చవక ప్రీమియం అని 'సి' క్లాజు తీసుకుంటే, ఓడ మునిగినా, తగలబడినా పరిహారం వస్తుంది. డెక్కు మీది పెట్టెలను అల ఎత్తుకుపోతే రాదు. గండం గడిచి సరకు దక్కినా, ఓడను కాపాడిన ఖర్చులో జనరల్ యావరేజి వాటాకు పూచీ యివ్వందే డెలివరీ యివ్వరు. పాలసీ లేనివాడు ఆ వాటా జేబులోంచి పెట్టుకోవాలి.

1958 చట్టం స్థానే పార్లమెంటు 2025 ఆగస్టులో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని ఆమోదించింది. దాని కింద నియమాలు రాసేవారు ప్రాథమిక నివేదిక ప్రతిని, పేరు నమోదు చేసుకున్న సరకుదార్లకు ఆరు నెలల్లోగా యివ్వాలన్న షరతు చేర్చాలి. భద్రతకు అవసరమైన రహస్య వాంగ్మూలాలు తీసివేసి యిచ్చినా అభ్యంతరం లేదు. ఓడ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, లోడింగ్ ప్లాను, బల్లాస్టు లెక్కలు చేతికొస్తే చాలు. ఈ కోరికను గుంటూరు మిర్చి ఎగుమతిదార్లు, మన పత్తి వర్తకులు కలిసి షిప్పింగ్ డైరెక్టర్ జనరల్‌కు పంపవలసి వున్నది.