ఇంట్లో బీపీ ఉంటే... నర్సు మీరే!

“బీపీ నార్మల్‌కి వచ్చేసింది కదమ్మా, ఇంకా మాత్రలెందుకు దండగ!”

వార్డుల్లో నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. రిటైరయ్యాక మా పక్కింట్లోనూ విన్నాను. అన్నది డెబ్భై ఏళ్ల మాస్టారు. సంక్రాంతికి పిల్లలు వచ్చిన సందడిలో మాత్రలు అయిపోయాయి. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకేం... తెచ్చుకోలేదు. కనుమ వెళ్లిన పదిహేను రోజులకి ఓ ఉదయం కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూతి వంకర పోయింది, మాట ముద్దయింది. పక్షవాతం! వాళ్లావిడ కంగారులో చేతికి నూనె రాస్తూ కూర్చుని, అరగంట తర్వాత నన్ను పిలిచింది.

అంకె మామూలుగా ఉందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. జబ్బు పోయిందని కాదు. పైగా రక్తపోటు చాలామందిని ఏ బాధా పెట్టదు. బాధ లేనివారికి మందు గుర్తుండదు కాబట్టి, గుర్తుంచుకునే మనిషి ఇంట్లో ఇంకొకరు ఉండాలి. భార్యో, కోడలో, కాలేజీకి వెళ్లే మనవడో ఎవరైనా సరే.

“వేసుకున్నారా?” అని అడిగితే “ఆఁ” అనే వస్తుంది జవాబు. అడగొద్దు, అట్టలో మాత్రలు లెక్కపెట్టండి. ఇంకో వారానికి సరిపడా ఉండగానే కొత్తవి తెప్పించండి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు వస్తుంది. పెద్దవాళ్లు ఎవరికీ చెప్పకుండా మానేసేది ఇలాంటప్పుడే. డాక్టరుకి చెబితే మందు మార్చి రాస్తారు. మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కూడా బీపీని పెంచుతాయని గుర్తుంచుకోండి.

బీపీ మిషన్ కొంటే మణికట్టుకి పెట్టేది కాకుండా జబ్బకి చుట్టేది కొనండి. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. అన్నిటికన్నా కష్టమైంది, మాట్లాడకూడదు! నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ పుస్తకంలో రాయండి. ఇంట్లో తరచూ 135/85 దాటుతుంటే ఆ పుస్తకం డాక్టరుకి చూపించండి.

ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఒక టీ చెంచా. కూరలో తగ్గించాం అంటారు గానీ ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, పెరుగన్నంలో చిటికెడు... ఇవన్నీ ఎవరి లెక్కలో వేయాలి? తక్కువ సోడియం ఉప్పులు కిడ్నీ జబ్బున్నవారికి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి పడవు. డాక్టర్ని అడగకుండా కొనొద్దు.

అంకె 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం వంటివి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ బాధా లేకపోతే అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. మా రోజుల్లో నిఫెడిపిన్ క్యాప్సూల్‌ని సూదితో పొడిచి నాలుక కింద వేసేవాళ్లం. నేనూ వేశాను. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం చాలదని తెలిశాక ఆ పద్ధతి మానేశారు. ఇప్పటికీ ఆ సలహా చెప్పేవాళ్లుంటారు, వినకండి. పక్షవాతం లక్షణం కనిపిస్తే అది మొదలైన సమయం రాసుకోండి. గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే.

మాస్టారు ఆ గడువులోపే ఆస్పత్రికి చేరారు. మాట తిరిగి వచ్చింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు, అందుకని ఎడమచేతికి చూస్తారు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టాకే నిలబడనిస్తారు వాళ్లావిడ. బీపీ మందులు వాడేవాళ్లు గబుక్కున లేస్తే తూలి పడతారు మరి. రోజూ పొద్దున పట్టీ చుట్టగానే మాస్టారు ఏదో ఒకటి మొదలెడతారు. “ఉష్!” అంటుందావిడ. నలభై ఏళ్లు పిల్లల్ని నోరు మూయించినాయన, పుస్తకంలో అంకె పడేదాకా నోరు తెరవరు.