సొరచేపకి ఆడ, మగ తేడా తెలియదు

సముద్రంలో సొరచేప ఎదురుపడితే, ఇది ఆడపిల్ల కదా దీన్ని తిందాం, వాడు మగపిల్లవాడు వాణ్ని వదిలేద్దాం అనుకోదు. ఇంత గట్టిగా రాయడానికి కారణం ఉంది. మా ఆడబిడ్డ కొడుకు పోయిన సంవత్సరం స్నేహితులతో అండమాన్ వెళ్ళి హావ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్ చేసి వచ్చాడు. నీళ్ళ అడుగున వాడి వీడియోని ఇంటిల్లిపాదీ నాలుగుసార్లు చూసి మురిసిపోయారు. ఈ ఏడాది మా అమ్మాయి వెళ్తానంది. అదే వయసు, అదే దీవి, దాదాపు అంతే ఖర్చు. ఇక ఒక్కొక్కరికి ఒక్కో భయం పుట్టుకొచ్చింది. "పెద్ద పెద్ద చేపలుంటాయంట గదమ్మా" అని అత్తయ్య. "ఎండకి నల్లబడితే రేపు సంబంధాలెట్టా?" అని ఆడబిడ్డ. పక్కింటి పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "ఆ రోజులొస్తే రక్తం వాసనకి సొరచేపలొస్తాయంట" అంది.

పిన్ని మాటకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఇది చాలామంది ఆడవాళ్ళ మనసులో ఉండి పైకి రాని ప్రశ్న. ప్రపంచమంతా ఆడవాళ్ళు ఎన్నో ఏళ్లుగా డైవింగ్ చేస్తున్నారు. నెలసరిలో ఉన్నవాళ్ళ మీదికి సొరచేపలు ఎక్కువగా వచ్చాయనడానికి ఇంతవరకూ ఆధారం దొరకలేదు. ఓపిక ఉంటే దిగొచ్చు, లేకపోతే ఒడ్డున కూర్చోవచ్చు. గర్భంతో ఉంటే మాత్రం దిగకూడదు. నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా దిగకూడదు. కడుపులో బిడ్డ మీద ఆ ఒత్తిడి ప్రభావం ఎలా ఉంటుందో ఎవరూ పరీక్షించి చూడరు కదా, అందుకని డాక్టర్లు వద్దనే అంటారు. నల్లబడడం గురించి నేనేమీ రాయను. ఆ మాట అనేవాళ్ళే నట్టెండలో తిరుమల క్యూలో నిలబడతారు.

ఇక అత్తయ్య భయం, పెద్ద చేపలు. సముద్రంలో అన్నిటికన్నా పెద్ద చేప వేల్ షార్క్. పేరులో సొర ఉంది, ఒళ్ళు మన ఆర్టీసీ బస్సంత ఉంటుంది. తినేది మాత్రం నీళ్ళలో తేలే కంటికానని జీవులు, చిన్న చేపలు, చేపగుడ్లు. నోరు తెరుచుకుని నీళ్ళని వడగట్టుకుంటూ పోతుంది, మనం పప్పు కడిగినట్టు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఒకటి ఒడ్డుకి చిక్కుకుంటే అటవీశాఖ వాళ్ళు, జాలర్లు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు. అంత ప్రాణి ఎవరినీ ఏమీ అనలేదు, తనే నిస్సహాయంగా పడి ఉంది.

ఈ చేప గురించి నాకు బాగా నచ్చిన సంగతి గుజరాత్‌ది. ఒకప్పుడు అక్కడి జాలర్లు దీన్ని వందల సంఖ్యలో వేటాడేవాళ్ళు. 2001లో ప్రభుత్వం వేట నిషేధించింది. చట్టం ఒక్కటే పెడితే ఎవరు వింటారు? రామకథ చెప్పే మొరారీ బాపు, ఇది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల లాంటిది, ఇంటికొచ్చిన బిడ్డని చంపుతామా అని ఊరూరా చెప్పారు. వ్హాలీ అని ముద్దుపేరు కూడా పెట్టారు, ప్రియమైనది అని అర్థం. తర్వాత అదే జాలర్లు వలలో పడ్డ చేపల కోసం తమ వలలు తామే కోసి వదిలిపెట్టడం మొదలుపెట్టారు. తెగిన వలకి అటవీశాఖ డబ్బులిస్తుంది. అంత పెద్ద చేపని చూసి పుట్టింటికొచ్చిన కూతురనుకున్న దేశంలోనే, మన కూతురు దాన్ని చూసొస్తానంటే వద్దంటున్నాం.

అండమాన్‌లో వేల్ షార్క్ ఎప్పుడో అదృష్టం ఉంటే కనిపిస్తుంది. మాంటా రే అనే చేప ఉంది, దుప్పటి పరిచినట్టు ఈదుతుంది, కుట్టే ముల్లు ఉండదు. అవి బారెన్ ఐలాండ్ చుట్టుపక్కల కనిపిస్తాయి, మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం ఉన్న దీవి అది. సముద్రపు ఆవు అనే డుగాంగ్ అక్కడి రాష్ట్ర జంతువు. గడ్డి తిని బతుకుతుంది. ఏడాదికి పైగా మోసి ఒక్క బిడ్డని కని, చాలా నెలలు పాలిచ్చి పెంచుతుంది. దాన్ని చూసి భయపడాలంటే నాకైతే మనసొప్పదు. ఇంకో సంగతి, మాస్కు అద్దంలోంచి చూస్తే నీళ్ళలో ప్రతిదీ మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. మా మేనల్లుడు చెప్పిన చేపల సైజులు ఆ లెక్కన తగ్గించుకున్నాను.

అలాగని అన్నీ సాధుజంతువులే అని అబద్ధం చెప్పను. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హావ్‌లాక్‌లోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికా అమ్మాయిని మొసలి చంపేసింది. అందుకే మొసళ్ళ హెచ్చరిక బోర్డున్న చోట దిగకూడదు, మడ అడవుల పక్క నీళ్ళలో అసలు దిగకూడదు. ఈ మాట మగపిల్లలకీ చెప్పాలి. మా మేనల్లుడికి ఎవరూ చెప్పలేదు.

నిజంగా భయపడాల్సినవి ఇంత ఆకర్షణీయంగా ఉండవు, అందుకే వాటి గురించి ఎవరూ మాట్లాడరు. పది మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. దిగేటప్పుడు ముక్కు మూసుకుని చెవుల్లో గాలి సర్దుకుంటూ ఉండాలి. పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దిగేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ వంటివి అడుగుతారు. పంపించరేమోనని అందులో అబద్ధాలు రాసేవాళ్ళున్నారు. నా దృష్టిలో సొరచేప కన్నా ఆ ఫారం ప్రమాదం. ఇంకోటి, డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు, ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది. కనీసం పద్దెనిమిది గంటలు ఆగితే మంచిది. టూరు ప్లాన్ చేసేది మనమే కాబట్టి డైవింగ్ ముందు రోజుల్లో పెట్టించాలి, తిరుగు ప్రయాణం ముందు రోజు కాదు.

మా అమ్మాయికి నేను పెట్టిన షరతు వేరే ఉంది. తాబేలు కనిపిస్తే వెంటపడకూడదు, ముట్టుకోకూడదు. ఊపిరి కోసం పైకి రావాల్సిన ప్రాణి అది. ఫొటో కోసం మనుషులు చుట్టుముడితే దానికి దారి ఉండదు. మన నెల్లూరు తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీలు ట్రాలర్ల వలల్లో చిక్కి చచ్చిపోయేదీ పైకి రాలేకే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మైపాడు వైపు పిక్నిక్‌కి వెళ్ళినవాళ్ళు ఆ తాబేళ్ళని ఒడ్డున చూసే ఉంటారు. ముక్కు మూసుకుని పక్కకి నడిచి పోతాం. వేలు ఖర్చుపెట్టి అండమాన్‌లో తాబేలుని చూసి మురిసే పిల్లలకి ఇదీ చూపించాలి.

అసలు గొడవ సముద్రానిది కాదని నాకనిపిస్తుంది. మాది సంగం, గడప దాటితే పెన్న. 2022లో కొత్త బ్యారేజీ వచ్చింది, నీళ్ళు నిలబడి ఉంటాయి. మా ఊళ్ళో మగపిల్లలు ఆ ఏట్లోనే ఈత నేర్చుకున్నారు. మేము గట్టు మీద వాళ్ళ చొక్కాలు పట్టుకుని నిలబడ్డాం. నలభై ఆరేళ్ళొచ్చినా నాకు మోకాలి లోతు దాటి నీళ్ళు తెలియవు. ఇసుక తోడిన గుంతలో కాలు జారితే నన్ను చంపేది ఏ చేపా కాదు. స్కూబా మొదటిసారి చేసేవాళ్ళకి ఈత రాకపోయినా పర్వాలేదు, పన్నెండు మీటర్లకి మించకుండా ట్రైనర్ పట్టుకునే తీసుకెళ్తాడు అంటారు. నాకది చాలదు. వేరేవాళ్ళ చెయ్యి పట్టుకుని అడుగుకి వెళ్ళే ధైర్యం మన ఆడపిల్లలకి ఎప్పుడూ ఉంది. చెయ్యి వదిలినా తేలడం రావాలి.

అందుకని ప్రయాణం డిసెంబరుకి జరిపాం. ఈలోపు నెల్లూరులో ఈత క్లాసులు, వారానికి మూడు రోజులు, పొద్దున ఆరున్నర నుంచి. దానితోపాటు నా పేరు కూడా ఇచ్చాను. "ఈ వయసులో నీకెందుకు?" అని మావారు అడిగారు. టిఫిన్ ఎవరు చేస్తారన్నది ఆయన అసలు ప్రశ్న. పిండి ఫ్రిజ్‌లో ఉంటుంది, పెనం ఎక్కడుందో ఆయనకి తెలుసు.