బాప్తిస్మపు తొట్టికి పట్టుగొట్టం



1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏటిలో ఇసుకమీద నడిచి దిగేవారికి మెట్ల గొడవ, గొట్టాల గొడవ ఉండదు. చోడవరంలో మేమూ ఒకప్పుడు ఏటికో చెరువుకో వెళ్లేవాళ్లం. తరువాత మందిరంలోనే తొట్టి కట్టుకున్నాం. టైల్సు ఏ రంగువి వేయాలని మూడు కమిటీలు కూర్చున్నాం గాని, గొట్టం దేనిలో పాతాలని ఒక్కరమూ అడగలేదు.

ఒక ఆదివారం డెబ్బై దాటిన మామ్మగారు బాప్తిస్మం పొంది మెట్లెక్కుతూ, తడిచీర బరువుకు ఆగి, గొట్టం పట్టుకున్నారు. అది అడుగు పళ్లెంతో సహా ఊడి చేతికి వచ్చింది. వెనుకనున్న సంఘపెద్ద పట్టుకున్నారు గనుక సరిపోయింది. "దేవుడు పట్టుకున్నాడు గాని, మీ గొట్టం పట్టుకోలేదు బాబూ" అన్నారామె. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞ (ద్వితీ. 22:8) మనం చదవనిదా?

గొట్టం తళతళలాడుతూనే ఉంది. లోపమంతా అడుగున. పళ్లెం స్క్రూలు టైలు, దాని కింది సిమెంటు పూత వరకే దిగాయి, కాంక్రీటును తాకలేదు. మూడడుగుల ఎత్తున మనిషి లాగితే ఆ బలం అడుగున ఎన్నో రెట్లవుతుంది, గునపంతో రాయిని పెకలించినట్టు.

ఈతకొలనులు కట్టేవారు పళ్లేన్ని నమ్ముకోరు. 'యాంకర్ సాకెట్' అని లోటావంటిది ఒకటి, కంచుది గాని స్టెయిన్‌లెస్ స్టీలుది గాని, గట్టు కాంక్రీటు పోసేటప్పుడే అందులో పాతుతారు. గొట్టం అందులో దిగుతుంది, పక్కనున్న చీలను బోల్టు బిగిస్తుంది. కడగాలంటే గొట్టం తీసేయవచ్చు. అనకాపల్లిలో దొరకకపోతే విశాఖపట్నంలో అడగండి. గొట్టం ముక్క వెంట తీసుకువెళ్లండి. 38, 43, 48 మిల్లీమీటర్ల గొట్టాలున్నాయి, ఒకదాని సాకెట్ మరొకదానికి పట్టదు. నిచ్చెనయితే రెండు సాకెట్లను దానికే తగిలించి, తూకం చూసి, అప్పుడు కాంక్రీటు పోయించండి.

ఇదివరకే కట్టిన తొట్టికి, గట్టు కొంత పగలగొట్టి ఇనుపచువ్వలతో మళ్లీ పోయించడమే మేలు. మేము అదే చేశాం. బెజ్జం వేసి రసాయనపు జిగురుతో బోల్టు నిలిపే పద్ధతీ ఉంది గాని, బెజ్జాన్ని బ్రష్షుతో తోమి, గాలి ఊది, దుమ్మంతా తీయాలి. లేకుంటే జిగురు దుమ్ముకు అంటుకుంటుంది, కాంక్రీటుకు కాదు. లోపల విచ్చుకొని పట్టే బోల్టును అంచుకు దగ్గరగా వేస్తే ఆ విచ్చుకోవడమే గట్టును చీలుస్తుంది.

జి.ఐ. గొట్టం చవకే. అయితే కాంక్రీటులో దిగేచోట తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగులుస్తుంది. స్టీలులో 304 రకం ఫరవాలేదు. నీళ్లలో బ్లీచింగు వేసేవారికి 316 మంచిది, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. 304 అని చెప్పి 202 అంటగట్టే దుకాణాలున్నాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తేడా తెలియదు, రెండూ అంటుకోవు. కాబట్టి బిల్లుమీద రకం వ్రాయించుకోండి.

మంచి సాకెట్‌కు ఎర్తు తీగ కోసం చిన్న మర ఉంటుంది. దాన్ని వృథా అనుకోవద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కలిపించండి. 2005 అక్టోబరు 30న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, వాకో పట్టణంలో ఒక బాప్టిస్టు పాస్టరుగారు తొట్టి నీళ్లలో నిలబడి మైకు అందుకోబోయి, కరెంటు షాకుతో మరణించారు. ఆయనకు ముప్పైమూడేళ్లు.

కాంక్రీటు పోసి 28 రోజులు గడిచాక, నీళ్లు లేని తొట్టిలో మా యౌవనస్థులిద్దరు గొట్టాన్ని అన్ని వైపులా లాగి చూశారు. కదలలేదు. మైకు స్టాండు ఇప్పుడు తొట్టిలో ఉన్నవారి చేతికి అందనంత దూరంలో, గట్టుకు ఆవల ఉంటుంది.