తుప్పు కారుకేనా?

హోసూరులో మా వీధి చివర ఒక రేకుల షెడ్డు ఉంది. రాత్రి ఏడు దాటితే అందులోంచి సుత్తి చప్పుడు వినబడుతుంది. ఫ్యాక్టరీలో టర్నరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన నాలుగేళ్లుగా అక్కడ ఒక కారును విప్పి, బిగిస్తున్నారు. 1965 మోడల్ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇద్దరే కూర్చునే, టాపు తీసి తోలుకునే ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. కోలారు బంగారు గనుల వైపు నుంచి చేతులు మారుతూ వచ్చింది. చివరికి ఒక గోడౌనులో కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటైపోతే, ఈయన తూకం లెక్కన కొని తెచ్చుకున్నారు.

‘ఏమిటికి సామీ ఈ తిప్పలు? ఈ దుడ్డుకు కొత్త కారే వస్తుంది గదా?’ అని అడగనివాళ్లు మా వీధిలో లేరు. నేనూ అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. చేతికి స్పానరు ఇచ్చి ‘గట్టిగా పట్టుకోప్పా’ అన్నారు. అప్పట్నుంచి సెలవు దొరికితే నేనూ ఆ షెడ్డులోనే.

పాత కార్లంటే దుడ్డున్నవాళ్ల షోకు అనే మాట మనలో పాతుకుపోయింది. నాకు మాత్రం ఆ షెడ్డు బడిలా కనిపించింది. ఆ బడికి మన రూలే అడ్డం పడుతోందన్నది నా బాధ.

మద్రాసు చుట్టరికం

ఈ కారు మనకు మరీ పరాయిది కాదు. ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి దానిమీద కట్టిందే స్పిట్‌ఫైర్. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. ఆ హెరాల్డే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో 1961 నుంచి 1971 దాకా మద్రాసులో తయారైంది. అందుకే ముందు సస్పెన్షన్ సామాన్ల కోసం పెద్దాయన మొదట వెళ్లింది చెన్నై పుదుపేట పాత సామాన్ల అంగళ్లకే. ఇంకో సంగతి. ఈ కారు నమూనా కంపెనీకి డబ్బుల్లేక ఫ్యాక్టరీ మూలన గుడ్డ కప్పుకుని పడి ఉంటే, 1961లో కంపెనీని చేజిక్కించుకున్న లేలాండ్ వాళ్లు చూసి తయారీకి సరేనన్నారు. మన హోసూరులో లారీలు తయారుచేసే అశోక్ లేలాండ్ పేరులో ఉన్నది ఆ లేలాండే.

ఇక పని సంగతి. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొసకు మరలు కోసి ఉంటాయి. అది ట్రనియన్ అనే ముక్కలో తిరుగుతుంది. అందులో పోయాల్సింది 90 నంబరు గేరాయిలు. తెలియనివాళ్లు గ్రీజు కొడతారు. అది మరల్లోకి సరిగా పోదు. లోపల తుప్పు పట్టి, అరిగి, ఏదో ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పడుకుంటుంది.

డోర్ల కింద ఉండే సిల్లుల కథ వేరు. హెరాల్డ్ ఛాసిస్‌కు పక్కల కమ్మీలుంటాయి, స్పిట్‌ఫైర్‌కు లేవు. ఆ బలమంతా సిల్లులే ఇవ్వాలి. వాటిని కోసే ముందు డోరు సందులో ఇనప బద్దీ అడ్డం వేసి వెల్డింగ్ పెట్టకపోతే బాడీ నడుము వంగిపోతుంది. తర్వాత డోరు ఎంత నెట్టినా పడదు. పక్కింటి ఐటీఐ కుర్రాడు ఈ పని పెద్దాయన పక్కనుండి నేర్చుకున్నాడు. రెండు ఎస్‌యూ కార్బురేటర్లను సమం చేయడానికి ఒక ముసలి మెకానిక్కు వచ్చాడు. ఒకప్పుడు అంబాసిడర్‌కూ ఎస్‌యూనే కాబట్టి ఆయనకు కొత్త కాదు. రబ్బరు గొట్టం ఒక కొస చెవికి ఆనించుకుని, గాలి చప్పుడు విని తిప్పాడు. ఆ చెవి పనిని కూడా కుర్రాడు ఇప్పుడిప్పుడే పట్టుకుంటున్నాడు.

రూలు ఎక్కడ తప్పింది?

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. ఇంతవరకు సబబే. పొగ బండ్లు ఊరంతా తిరగాలని ఎవరూ కోరడం లేదు.

చిక్కంతా ఒక్క మాట దగ్గరే. బండి అసలు రూపంలోనే ఉండాలి, ‘గణనీయమైన ఓవర్‌హాల్’ జరిగి ఉండకూడదు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో మార్పు చేసినా దాని కిందికే వస్తుంది. మరి తుప్పు తిన్న సిల్లు కోసి, అదే కొలతతో కొత్త రేకు వేస్తే అది మార్పా, మరమ్మతా? బల్ల అవతల కూర్చున్న అధికారి ఎలా అనుకుంటే అలా. నిజాయితీగా కోసి అతికినవాడు భయపడాలి. పుట్టీ పెట్టి, రంగు కొట్టి తుప్పు దాచినవాడు దర్జాగా దాటిపోవచ్చు. విరిగే బండికి నంబరు, నిలిచే బండికి ప్రశ్నలు!

సరిహద్దులో ఉన్న మనకు ఇంకో తలనొప్పి, పాత ఆర్సీ. మద్రాసు రాష్ట్రం 1969లో తమిళనాడు అయింది, మైసూరు రాష్ట్రం 1973లో కర్ణాటక అయింది. ఈ కారు కాగితంలో ఉన్నది మైసూరు రాష్ట్రం, కారు ఉన్నది తమిళనాడులో. పెద్దాయనను ఇక్కడ అక్కడికి పొమ్మన్నారు, అక్కడ ఇక్కడికి పొమ్మన్నారు.

మరమ్మతులకు తలుపు తెరిస్తే దొంగబండ్లు, డూపు బండ్లు దూరతాయనే వాదన ఉంది. అది నిజమే. దానికి మందు ఉంది. ఇంజన్, ఛాసిస్ నంబర్లు చెక్కుచెదరకుండా ఉండాలని గట్టిగా పట్టుబట్టండి. ప్రతి పనికీ ముందూ వెనకా ఫొటోలు, బిల్లులు అడగండి. పెద్దాయన దగ్గర ఆ పుస్తకం ఉంది, నేను చూశాను. పాత కొలతకే చేసిన పని మరమ్మతు అని రూలులోనే స్పష్టంగా రాయండి. రెండు రాష్ట్రాల రవాణా కార్యాలయాలు పాత రికార్డులను తమలో తాము సరిచూసుకోవాలి, మనిషిని తిప్పకూడదు. ఐటీఐ వాళ్లు నెలకొక రోజు పిల్లల్ని ఇలాంటి షెడ్లకు పంపితే ఇంకా మంచిది.

పోయిన నెల ఇంజన్ స్టార్టయింది. కారు ఆరడుగులు ముందుకు, ఆరడుగులు వెనక్కి నడిచింది, అదీ షెడ్డులోపలే. పెద్దాయనకు డెబ్బై రెండు దాటాయి. ఆయన చేతులు ఆడుతుండగానే ఆ కాగితం రావాలన్నది మా వీధి కోరిక.